మీ జాబితాను మే నెల దిద్దుతుంది

ప్రశ్న: మాది విజయవాడ. హాలులో మూడడుగుల అక్వేరియం పెట్టి ఏడు వారాలైంది. పొడవు 36, వెడల్పు 15, ఎత్తు 18 అంగుళాలు. క్రిప్టోకొరైన్, జావా ఫెర్న్, వాలిస్నేరియా, రొటాలా నాటాను. అన్నీ బాగా వేరు పట్టాయి. మొక్కలు ఆసియావి కాబట్టి చేపలు కూడా ఆసియావే ఉండాలని ఇంట్లో తీర్మానించుకున్నాం. ఐదో తరగతి చదువుతున్న మా అబ్బాయి జాబితా రాశాడు: టైగర్ బార్బ్‌లు 6, పర్ల్ గౌరామీ జంట, హార్లెక్విన్ రస్బోరాలు 10, గెలాక్సీ రస్బోరాలు 10, రెడ్ టెయిల్ షార్క్ 1, బాలా షార్క్‌లు 2, కూలీ లోచ్‌లు 4, ఆల్గే ఈటర్ 1, ఫైటర్ 1. దుకాణంలో అడిగితే అన్నీ కలిసే ఉంటాయన్నారు. మా బోరు నీటి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 900, మునిసిపల్ కుళాయి నీటిది 320, వంటింటి ఆర్‌ఓ నీటిది 40. హాలులో ఏసీ లేదు. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? ఇంకొక సందేహం. మొక్కలు కొన్న రోజు దుకాణం వారు ఒక సక్కర్ చేపను ఉచితంగా ఇచ్చారు. అది బకెట్టులో ఉంది. పెద్దదైతే బందరు కాలువలో వదిలేయవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ అబ్బాయిని మెచ్చుకోవాలి. అతను రాసిన తొమ్మిది రకాలూ నిజంగా ఆసియా చేపలే. దుకాణంలో వీటి పక్క అరల్లోనే నియాన్ టెట్రాలు, గప్పీలు, ఏంజెల్ చేపలు మెరుస్తూ ఉంటాయి. అవన్నీ అమెరికా ఖండాలవి. వాటిలో ఒక్కటి కూడా జాబితాలోకి జారలేదంటే పిల్లవాడు చదివే రాశాడన్నమాట. అందుకే కొట్టివేసిన ప్రతిదానికీ కారణం చెబుతాను, అతనికి చదివి వినిపించండి. తొమ్మిదిలో మూడే మిగులుతాయి. వాటికి నేను ఒకటి కలుపుతాను.

చిక్కు ఎక్కడుందంటే, ఆసియా అన్నది పటంలో గీసుకున్న మాట. నీళ్లకు ఆ మాట తెలియదు. బోర్నియో, సుమత్రా దీవుల్లో పీట్ అడవుల గుండా పారే నీళ్లు కాఫీ డికాక్షన్ రంగులో ఉంటాయి. రాలిన ఆకులు, చెట్ల వేర్లు ఏళ్ల తరబడి నానిన నీళ్లవి. వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) కొన్నిచోట్ల 4 దాకా దిగుతుంది, అంటే బాగా ఆమ్లపు నీళ్లు. మయన్మార్‌లోని షాన్ పీఠభూమి మీద సంగతి పూర్తిగా వేరు. అక్కడ సున్నపురాతి నేల, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, చల్లటి తేటనీటి మడుగులు. శ్రీలంక నైరుతి మూలన చెట్ల నీడలో మెల్లగా పారే వాగులది ఇంకొక తీరు. మీ జాబితాలో మొదటి రెండు నీళ్ల చేపలూ ఉన్నాయి. వాటిని ఒకే అక్వేరియంలో పెట్టడమంటే లంబసింగి మనిషినీ రెంటచింతల మనిషినీ ఒకే గదిలో ఉంచి ఇద్దరికీ ఒకే దుప్పటి ఇవ్వడమే.

కాబట్టి ఏ ఖండపు చేప అని కాక రెండు ప్రశ్నలు వేసుకుందాం. మీ ఇంట్లో ఎలాంటి నీళ్లున్నాయి? మే నెలలో అవి ఎంత వేడెక్కుతాయి?

నీళ్ల సంగతి తేలికగానే తేలుతుంది. 900 టీడీఎస్ ఉన్న బోరు నీళ్లు మీ అక్వేరియానికి వద్దు. టీడీఎస్, కఠినత్వం ఒకటి కావు. కానీ బిందె అడుగున తెల్లటి పెచ్చు కట్టే బోరు నీళ్లలో రెండూ ఎక్కువగానే ఉంటాయి. కుళాయి నీళ్లు రెండు పాళ్లు, ఆర్‌ఓ నీళ్లు ఒక పాలు కలపండి. టీడీఎస్ 225 దగ్గర నిలుస్తుంది. చెరువుల్లో, తొట్టెల్లో పెంచిన ఆగ్నేయాసియా చేపలకు అది హాయైన నీరే. మన దుకాణాలకు చేపలు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచి, కలకత్తా నుంచి వస్తాయి. పెంపకపు చేపలు అడవి వాగుల నుంచి పట్టినవాటి కంటే నీటి తేడాలను బాగా ఓర్చుకుంటాయి. అయితే మంచిదని పూర్తిగా ఆర్‌ఓ నీళ్లే పోయకండి. ఖనిజాలు లేని నీళ్లలో పీహెచ్ నిలకడగా ఉండదు, మొక్కలకూ తిండి దొరకదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి. పీహెచ్ తగ్గించే ద్రావకాలు అమ్ముతారు, కొనవద్దు. ఈ పూట తగ్గి మర్నాటికి మళ్లీ పెరిగే పీహెచ్ కంటే, కాస్త ఎక్కువైనా కదలకుండా ఉండే పీహెచ్ చేపకు మేలు.

అసలు పరీక్ష మే నెలది. మీ హాలులో ఏసీ లేదు. విజయవాడలో బయట 43 డిగ్రీలున్న రోజు హాలులోని అక్వేరియం నీళ్లు 31 నుంచి 33 దాకా చేరడం మామూలే. ఇక్కడ జనం ఒక సంగతి మరచిపోతారు. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల నీళ్లు ఏడున్నర మాత్రమే పట్టి ఉంచుతాయి. ఆ వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరం మాత్రం పెరుగుతుంది. పైగా మీది మొక్కల అక్వేరియం. పగలు ఆక్సిజన్ ఇచ్చే మొక్కలే రాత్రి చేపలతో పోటీపడి దాన్ని పీల్చుకుంటాయి. మే నెల తెల్లవారుజామున నాలుగింటికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే కారణం రోగం కాకపోవచ్చు, ఊపిరి అందకపోవడం కావచ్చు.

ఇప్పుడు జాబితా తీసుకుందాం.

గెలాక్సీ రస్బోరాను కొట్టివేయడం నాకే బాధగా ఉంది. మయన్మార్ షాన్ రాష్ట్రంలో హోపాంగ్ దగ్గర 2006లో ఇది కనబడింది. 2007లో శాస్త్రీయంగా పేరు పెట్టారు. ఆలోగానే ప్రపంచమంతా దీని ఫొటోలు తిరిగాయి. రెండు సెంటీమీటర్ల చేప ఒంటి మీద రాత్రి ఆకాశం, రెక్కల మీద ఎర్రటి గీతలు. మీ అబ్బాయి మనసు పారేసుకున్నాడంటే ఆశ్చర్యం లేదు. చిత్రం ఏమిటంటే, ఇది సున్నపురాతి నేల చేప కాబట్టి మీ కుళాయి నీళ్లు యథాతథంగా పోసినా కాదనదు. దాన్ని ఓడించేది వేడి. 22 నుంచి 25 డిగ్రీల మధ్య బతికే చేపను మే నెలంతా 31లో ఉంచితే జూన్ నాటికి పదింటిలో ఎన్ని మిగులుతాయో చెప్పలేను. రెండో కారణం కూడా ఉంది. ఇది బిడియపు చేప. పెద్ద చేపల మధ్య వేస్తే మొక్కల్లో దూరి మేతకు కూడా రాదు. బెంగళూరులో ఉండే మీ చుట్టాలకు సిఫారసు చేయండి.

బాలా షార్క్ షార్కు కాదు, మన పరిగెల వంశంలోదే. దుకాణంలో మూడు అంగుళాలు కనిపిస్తుంది. పెరిగితే అడుగు పైమాట. గుంపులో ఉండే చేప, ఉలిక్కిపడితే గెంతే చేప. దానికి ఆరేడు అడుగుల తొట్టె కావాలి. మీ అక్వేరియం అంచుల దాకా నింపితే 159 లీటర్లు. అడుగున మట్టి, పైన ఖాళీ పోను చేపలకు మిగిలేది సుమారు 125 లీటర్లు. అందులో రెండు బాలాలంటే స్కూటరు పెట్టే చోట లారీ నిలిపినట్టే.

రెడ్ టెయిల్ షార్క్ కూడా షార్కు కాదు. కాటుక ఒళ్లు, మంకెనపువ్వు తోక, చూడటానికి ఎంతో అందం. థాయిలాండ్‌లోని చావో ఫ్రయా నదీ పరీవాహకంలో ఇది దాదాపు కనుమరుగైంది. మార్కెట్లోకి వచ్చేవి పెంపకపు చేపలు. చిన్నప్పుడు నెమ్మదిగానే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి అక్వేరియం అడుగుభాగమంతా తన పట్టా భూమి అనుకుంటుంది. కూలీ లోచ్‌లను రాత్రింబవళ్లు తరుముతుంది. మూడడుగుల తొట్టెలో వాటికి తప్పించుకునే దారి ఉండదు. రెండింటిలో ఒకటే ఉండాలంటే నా ఓటు లోచ్‌లకే.

ఆల్గే ఈటర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఆ ఒక్క పేరుతో దుకాణాల్లో మూడు చేపలు అమ్ముతారు. ఒకటి సయామీస్ ఆల్గే ఈటర్. ముక్కు నుంచి మొదలైన నల్లటి చార తోక రెక్క చివర దాకా సాగుతుంది. నిజంగా పాచి తినేది ఇదే. రెండోది ఫ్లయింగ్ ఫాక్స్. నల్ల చార పైన బంగారు గీత ఒకటి అదనంగా ఉంటుంది, పెరిగే కొద్దీ గయ్యాళిగా మారుతుంది. మూడోది చైనీస్ ఆల్గే ఈటర్. బంగారు రంగులో కూడా దొరుకుతుంది, నోరు అతుక్కునే చూషకంలా ఉంటుంది. నోటితో రాయిని పట్టుకొని ఉండగా నోటి ద్వారా నీళ్లు తీసుకోలేదు కదా, అందుకని మొప్ప దగ్గర పైన దానికి వేరే రంధ్రం ఉంటుంది. ప్రకృతి ఏర్పాటు చక్కనిదే, చేప గుణమే చక్కనిది కాదు. చాలా ఏళ్ల కిందట రెండంగుళాల బంగారు రంగు పిల్లను 'పాచి తింటుంది' అన్న మాట నమ్మి తెచ్చుకున్నాను. మొదటి ఏడాది తిన్నది కూడా. రెండో ఏడాది అరచేయంత పెరిగి, పాచి మానేసి, నా గౌరామీల పక్కటెముకలకు అతుక్కొని ఒంటి మీది జిగురు పీల్చడం మొదలుపెట్టింది. రెండు గౌరామీలు పుండ్లు పడి చనిపోయాక గానీ దొంగ ఎవరో నాకు తెలియలేదు. ఇవన్నీ రాత్రి జరిగే పనులు.

సయామీస్ రకమే దొరికినా ఇప్పుడు వద్దు. అది ఐదారు అంగుళాలు పెరుగుతుంది. మీ అక్వేరియంలో పాచి సమస్య ఉన్నట్టు మీరు రాయలేదు. రేపు వస్తే నాలుగైదు నెరైట్ నత్తలు వేసుకోండి. మంచినీటిలో వాటి గుడ్లు పొదగవు కాబట్టి వందలుగా పెరిగిపోతాయన్న భయం లేదు. పాచికి అమానో రొయ్యలు ఇంకా మంచివని ఎవరైనా చెప్పవచ్చు. అది నిజమే గానీ మీ మే నెల వాటికీ పడదు.

ఫైటర్ సంగతి తమాషాగా ఉంటుంది. మీ జాబితాలో వేసవికి బెదరని చేప ఇదే. థాయిలాండ్ వరిమళ్లలో, నిలువనీటిలో పుట్టింది. తలలో ఉండే చిక్కుల అవయవంతో నేరుగా గాలిని పీల్చుకోగలదు. 2019లో థాయిలాండ్ దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. మరి ఎందుకు వద్దంటున్నానంటే, గౌరామీలు దీనికి జ్ఞాతులు, జ్ఞాతివైరం మనకు కొత్తగా చెప్పాల్సింది కాదు. పొడవాటి రెక్కలున్న మగ ఫైటర్‌ను గౌరామీలు కొడతాయి, లేదా అదే వాటిని కొడుతుంది. మీ అబ్బాయి చదువుకునే బల్ల మీద 20 లీటర్ల చిన్న తొట్టెలో నాలుగు క్రిప్టోకొరైన్ మొక్కలు, ఒక స్పాంజి ఫిల్టర్ పెట్టి అందులో ఒక్కదాన్నే ఉంచండి. గాజు గిన్నెలో మాత్రం వద్దు.

ఇక టైగర్ బార్బ్‌లు. ఇక్కడ నేను కొట్టివేయను, మీ అబ్బాయినే తేల్చుకోమంటాను. పర్ల్ గౌరామీ పొట్ట కింద రెండు సన్నటి తీగల్లాంటి రెక్కలుంటాయి. గుడ్డివాడు కర్రతో తడిమినట్టు వాటితో ముందున్నదాన్ని తడిమి, రుచి కూడా చూస్తుంది. టైగర్ బార్బ్‌కు ఆ తీగలు కనబడితే నోరు ఊరుకోదు. ఆరు బార్బ్‌లంటే ఆకతాయి మూక, వారంలో గౌరామీల తీగలు మొండిగా మిగులుతాయి. పన్నెండు పెడితే ఒకదాన్నొకటి తరుముకోవడంలోనే వాటికి పొద్దు గడుస్తుంది, పక్కవాటిని పట్టించుకోవడం తగ్గుతుంది. అయినా నెమ్మదైన, పొడవు రెక్కల చేపతో కలపడం మంచిది కాదు. కాబట్టి దారులు రెండు. ఒకటి, పన్నెండు టైగర్ బార్బ్‌లు, అడుగున కూలీ లోచ్‌లు, అంతే. అక్వేరియం బడి గంట కొట్టినప్పటి మైదానంలా ఉంటుంది. రెండు, టైగర్‌లను వదులుకొని మిగతా నెమ్మదైన చేపలు. పిల్లవాడు మొదటి దారి ఎంచుకున్నా తప్పు పట్టకండి, అది కూడా చక్కటి అక్వేరియమే. నాకు మాత్రం రెండోదే ఇష్టం, ఇక మీదట చెప్పేది దాని గురించే.

పర్ల్ గౌరామీ జంట బదులు ఒక మగ, రెండు ఆడ తీసుకోండి. ఒక్క ఆడే ఉంటే మగది తరిమే భారమంతా దాని మీదే పడుతుంది. వీపు రెక్క పొడవుగా, మొనదేలి ఉంటే మగది. ఒళ్లంతా ముత్యాలు చల్లినట్టుండే ఈ చేపకు జత కట్టే కాలంలో గొంతు కింద నారింజ రంగు పొంగుతుంది. అప్పుడు మగది నీటి పైన బుడగలతో గూడు కడుతుంది. ఫిల్టరు నీళ్లు పైభాగాన్ని మరీ అలజడి చేయకుండా ఒక మూలను ప్రశాంతంగా వదిలితే ఆ దృశ్యం మీ హాలులోనే చూడవచ్చు. ఇది కూడా గాలి పీల్చగలదు కాబట్టి వేసవిలో మీ అక్వేరియంలో అందరికంటే నిబ్బరంగా ఉండేది ఇదే.

హార్లెక్విన్ రస్బోరాలు పది కాదు, పన్నెండు. రాగి రంగు ఒంటి మీద నల్లటి త్రికోణం ఉండే చేప. గుంపుగా తిరిగితేనే దాని అందం. రస్బోరాల్లో చాలా రకాలు గుడ్లు నీళ్లలోకి వెదజల్లుతాయి. ఇది అలా చేయదు. తల్లకిందులుగా తిరిగి వెడల్పాటి ఆకు అడుగున గుడ్లు అంటిస్తుంది. మీ క్రిప్టోకొరైన్ ఆకులు దానికి సరిగ్గా పనికొస్తాయి.

కూలీ లోచ్‌లు నాలుగు చాలవు, ఆరు తీసుకోండి. పేరులో కూలీ ఉందని మన కూలిపనితో ముడిపెట్టకండి. జావాకు వెళ్లి 1821లో, ఇరవై నాలుగేళ్లయినా నిండకుండా కన్నుమూసిన జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హైన్రిక్ కూల్ పేరది. పసుపు, నలుపు పట్టీలతో చూడటానికి పాము పిల్లల్లా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందే చెప్పి ఉంచండి, మా ఇంట్లో ఒకసారి చీపురు దాకా వచ్చింది వ్యవహారం. ఇవి అడుగున దూరి తిరిగే చేపలు. మీ గులకరాళ్లు గరుకుగా ఉంటే ముందు వైపు ఒక జానెడు మేర సన్నటి ఇసుక పరవండి. ఫిల్టరు నీళ్లు పీల్చే గొట్టానికి స్పాంజి తొడగండి, లేకపోతే ఒకరోజు ఆరింటిలో రెండు కనిపించవు, నెల తర్వాత ఫిల్టరు డబ్బాలో దొరుకుతాయి. పగలు దాక్కుంటాయి కాబట్టి వాటి మేత దీపం ఆర్పాక వేయాలి.

నేను కలిపే నాలుగో రకం చెర్రీ బార్బ్, ఎనిమిది. మూడు మగ, ఐదు ఆడ. శ్రీలంక నైరుతి వాగుల చేప ఇది. మీరు నాటింది క్రిప్టోకొరైన్ వెండ్టీ రకమైతే అదీ శ్రీలంకదే. టైగర్ బార్బ్‌కు దాయాదే అయినా ఎవరి జోలికీ పోదు. మగవి మాగిన మిరపపండు రంగు తేలుతాయి. మధ్య, కింది మట్టాల్లో మొక్కల నీడన మెల్లగా తిరుగుతాయి. నిజం చెప్పాలంటే హార్లెక్విన్, చెర్రీ రెండూ 28 డిగ్రీల దాకా సుఖంగా ఉంటాయి. గాలి బాగా అందితే 30లో కొన్ని వారాలు ఓర్చుకుంటాయి. 32 అయితే ప్రమాదమే. అందుకే కింద వేసవి పద్ధతి రాస్తున్నాను. దాన్ని పాటించలేమనుకుంటే ఈ రెండు రకాలు కొనవద్దు.

మీ అబ్బాయిని ఒక్క మాట అడగండి. ఆసియా అన్నాడు, మన దేశపు చేప ఒక్కటీ రాయలేదేం? స్కాట్లండ్ వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద అచ్చువేసిన గ్రంథంలో జీబ్రా డానియో, హనీ గౌరామీ, డ్వార్ఫ్ గౌరామీ, రోజీ బార్బ్, స్కార్లెట్ బాడిస్ ఐదూ ఉన్నాయి. ప్రపంచమంతటా గాజు తొట్టెల్లో తిరుగుతున్న చేపలివి. ఆ జీబ్రా డానియోనే ఇవాళ హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) సహా అనేక ప్రయోగశాలల్లో జన్యుపరిశోధనకు వాడుతున్నారు. పర్ల్ గౌరామీలు దొరక్కపోతే వాటి బదులు హనీ గౌరామీలు నాలుగు తీసుకోవచ్చు. రెండంగుళాల చేప, తేనెరంగు, గొడవ పెట్టుకోని స్వభావం. డ్వార్ఫ్ గౌరామీ రంగులు మిన్నగా ఉంటాయి గానీ, పెంపకపు చేపల్లో దానికి మందులేని ఇరిడోవైరస్ జబ్బు ఉంది. దాన్ని నేను కొనను. గాజుచేప ఒంట్లో ఆకుపచ్చ, గులాబీ రంగులు మెరుస్తుంటే అది సూదితో ఎక్కించిన రంగు, అటు చూడకుండా వచ్చేయండి. మిస్ కేరళ అని ఎర్రగీత బార్బ్‌ను చూపిస్తారు. పడమటి కనుమల్లో అంతరించే ప్రమాదంలో ఉన్న చేప, పైగా వడిగా పారే చల్లటి నీళ్లు కావాలి. అదీ వద్దు.

చేపలన్నీ ఒకే రోజు తేకండి. ఏడు వారాలైంది, మొక్కలు పట్టాయి కాబట్టి నీళ్లలో మేలు చేసే బాక్టీరియా స్థిరపడి ఉండవచ్చు. కానీ ఊహ మీద నడవవద్దు, అమ్మోనియా, నైట్రైట్ (వ్యర్థాల నుంచి పుట్టే విషాలు, ఆ బాక్టీరియా హరించేది వీటినే) పరీక్ష చుక్కలు కొని రెండూ సున్నా ఉన్నాయో లేదో చూడండి. చేపలు లేని తొట్టెలో సున్నా వస్తే సరిపోదు. చిటికెడు మేత వేసి, కుళ్లనిచ్చి, మూడు నాలుగు రోజులు వరసగా పరీక్షించినా సున్నాయే వస్తే అప్పుడు నమ్మండి. మొదట చెర్రీ బార్బ్‌లు, రెండు వారాలకు హార్లెక్విన్‌లు, మరో రెండు వారాలకు లోచ్‌లు, గౌరామీలు ఆఖరున. ముందే వేస్తే మగ గౌరామీ అక్వేరియమంతా తనదనుకొని వచ్చినవాళ్లను తరుముతుంది. ప్రతి విడతనూ ముందు 30 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో స్పాంజి ఫిల్టరుతో రెండు మూడు వారాలు విడిగా ఉంచడం మంచిది. అప్పుడు విడతల మధ్య వ్యవధి కూడా దానంతట అదే కుదురుతుంది. దూరప్రయాణం చేసి వచ్చిన చేపలకు ఒంటి మీద తెల్లమచ్చల జబ్బు తరచు బయటపడుతుంది. లోచ్‌లకు ఆ మందులు సగం మోతాదుకు మించి పడవు. టబ్బులో వస్తే టబ్బులోనే తేలిపోతుంది.

విజయవాడలో వీధికొకటి నాటుబాదం చెట్టు ఉంటుంది. దాని కింద రాలిన ఎండుటాకులు, మందు చల్లని చోటివి, నాలుగు ఏరుకొచ్చి కడిగి అక్వేరియంలో వేయండి. నీళ్లకు లేత టీ రంగు వస్తుంది, లోచ్‌లకు చాటు దొరుకుతుంది. ఆగ్నేయాసియాలో ఫైటర్లు పెంచేవాళ్లు తరతరాలుగా చేసే పనే ఇది. ఆ చెట్టు శాస్త్రీయనామంలోని కటప్ప అన్న మాట కూడా మలయా భాష నుంచి వచ్చిందే. ఇవే ఆకులను ప్యాకెట్టులో పెట్టి డబ్బుకు అమ్ముతున్నారు, మీకు ఆ ఖర్చు అక్కర్లేదు.

వేసవి పద్ధతి మార్చి ఆఖరు నుంచే మొదలుపెట్టాలి. అక్వేరియం మూత తీసి, చేపలు గెంతకుండా దోమతెర గుడ్డ బిగించి, నీటి ఉపరితలం మీదుగా గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టండి. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది, నీళ్లు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. హైదరాబాదు పొడిగాలిలో మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. మీ ఊరి ఉక్కపోతలో రెండు తగ్గితే సంతోషించాలి. నీళ్లు రోజూ తగ్గుతాయి, వాటిని ఆర్‌ఓ నీళ్లతోనే నింపండి. ఆవిరయ్యేది నీరే గానీ అందులోని ఉప్పులు కాదు. తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లు పోస్తూపోతే మరిగే పులుసులా నీళ్లు చిక్కబడతాయి.

దీపం సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా వేయండి, పగటి వేడికి దీపం వేడి తోడవదు. దీపం ఆర్పగానే గాలి పంపు నడిచేలా చూడండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు వాడుతుంటే రాత్రిపూట తప్పక కట్టేయాలి. కరెంటు పోతే ఫ్యాను, ఫిల్టరు రెండూ ఆగుతాయి కాబట్టి గాలి పంపును ఇన్వర్టరుకు కలపండి, లేదా బ్యాటరీ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి. ఫిల్టరు చాలా గంటలు ఆగిపోతే డబ్బాలో నిలిచిన నీళ్లను పారబోశాకే మళ్లీ ఆన్ చేయాలి.

వారానికి పావువంతు నీళ్లు మార్చడం మామూలుగా సాగనివ్వండి. కానీ మేలో మేడ మీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం నేరుగా పట్టి పోయవద్దు, ఆ నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. రాత్రి బకెట్లలో పట్టి ఉంచి తెల్లవారి పోయండి. మేత సగానికి తగ్గించండి, వారానికి ఒకరోజు ఉపవాసం ఉంచినా ఏమీ కాదు. ఇన్ని చేసినా ధర్మామీటరు 31 దాటి దిగకపోతే, ప్లాస్టిక్ సీసాలో నీళ్లు గడ్డకట్టించి మధ్యాహ్నాలు తేలవేయండి. ఒకటి కరిగాకే రెండోది. గంటలో ఐదు డిగ్రీలు దించితే వేడికంటే ఆ కుదుపే చేపను చంపుతుంది.

ఇక మీ బకెట్టులోని సక్కర్ చేప. అది ఆసియా చేప కాదు, దక్షిణ అమెరికాది. గాజు నాకే చేప అని రెండంగుళాలప్పుడు అమ్ముతారు, అడుగున్నర దాకా పెరిగే రకాలున్నాయి. అలా పెరిగినవాటిని జనం కాలువల్లో వదలబట్టే ఇవాళ కృష్ణా, గోదావరి నీళ్లలో దెయ్యం చేపలని మత్స్యకారులు తిట్టుకునేవి తయారయ్యాయి. ముళ్ల రెక్కలకు వలలు చిరుగుతున్నాయి. ఒళ్లంతా గట్టి పెంకు కావడంతో వాటిని తినేవాళ్లూ తక్కువే, కొనేవాళ్లూ తక్కువే. బందరు కాలువలో వదలవద్దు, చెరువులో వదలవద్దు, గుడి కోనేట్లో అసలే వద్దు. ఉచితంగా ఇచ్చారు కాబట్టి ఉచితంగానే వెనక్కి ఇచ్చేయండి. వాళ్లు తీసుకోబోమంటే ఇంకొక దుకాణం చూడండి, ఎక్కడో ఒకచోట తీసుకుంటారు. ఈ ఆదివారం అబ్బాయిని వెంటబెట్టుకొని వెళ్లండి, వెళ్లినప్పుడు చెర్రీ బార్బ్‌లు ఎక్కడ బాగున్నాయో చూసి రమ్మనండి. ఆ రోజే కొనవద్దు. వారం తర్వాత మళ్లీ వెళ్లినా అదే తొట్టెలో అవే చేపలు చురుగ్గా మేత తింటుంటే అప్పుడు ఎనిమిది తెచ్చుకోండి.